సముద్రం ఒడ్డు పాత గోడలకు సిమెంటు వద్దు: కలెక్టర్లకు, ఇంజినీర్లకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర పురావస్తు శాఖ అధికారులకు, రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ ఇంజినీర్లకు, తీర గ్రామాల సర్పంచులకు

అయ్యలారా, అమ్మలారా,

మన తీరంలో ఏ పాత కట్టడానికి నిధులు మంజూరైనా అంచనా పత్రంలో ముందుగా వచ్చి కూర్చునే పద్దు ఒకటుంది. పాత పూత కొట్టేసి 1:4 పాళ్ళలో 12 మిల్లీమీటర్ల సిమెంటు ప్లాస్టరింగు చేయడం, ఆపైన రెండుసార్లు ఎమల్షన్ రంగు వేయడం. చదివితే అందులో తప్పేమీ కనిపించదు. కానీ తరాల తరబడి ఉప్పుగాలికీ తుఫానుకీ ఓర్చుకున్న గోడను లోపలి నుంచి పిండి చేసేది ఆ పద్దే. దాన్ని అంచనాల్లోంచి తీయించి, దాని స్థానంలో సున్నం రాయించమని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకు తీయాలో, సున్నం పని ఎలా చేయాలో, ఎంత సరుకు పడుతుందో, ఏ నెలలో చేయాలో మాకు తెలిసినంతా ఇందులోనే రాస్తున్నాం. మీ ఇంజినీర్లు దీన్ని బల్లమీద పెట్టుకుని అంచనా వేసుకోవచ్చు.

ముందు, కాపాడాల్సినవి ఏమిటన్న సంగతి. మన రెండు జిల్లాల తీరాన చెన్నై సెయింట్ జార్జి కోటలాంటి పెద్ద కోట లేదు. అందుకని ఇక్కడ ఏముందిలే అనే మాట కచేరీల్లో తరచూ వినబడుతుంది. ఇక్కడ ఉన్నవి వేరే రకం. ఐరోపా వర్తక కంపెనీల కాలంలో ఈ తీరాన లేచినవి ఎక్కువగా వర్తకపు స్థావరాలు: చుట్టూ ప్రహరీ, లోపల బట్టల గిడ్డంగి, లెక్కల గది, పక్కనే శ్మశానం. కావలసి వస్తే ఆ ప్రహరీనే కోటగోడ అయ్యేది. డచ్చివారు 17వ శతాబ్దంలో భీమునిపట్నంలో పెట్టింది అలాంటిదే. కోరమాండల్ తీరంలో వాళ్ళ పెద్ద కచేరీ మొదట పులికాట్‌లో, 1690 నుంచి నాగపట్నంలో ఉండేది. భీమిలి దాని కింద ఒక కొమ్మ. 1824 ఆంగ్లో-డచ్చి ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు అది ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. భీమిలి ఇప్పుడు పాలనలో విశాఖ జిల్లాదే అయినా, విజయనగరానికి దగ్గరి రేవు అదే. ఆ ఊరి డచ్చి సమాధుల గురించి రాయకుండా ఈ తీరం గురించి రాయలేం.

1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చినప్పుడు అందులో చికాకోల్ సర్కారు కూడా ఉంది. మన శ్రీకాకుళమే ఆ చికాకోల్. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు 1757 జనవరి 24న బొబ్బిలి మీద పేలాయి. మరుసటి ఏడు డిసెంబరులో విజయనగరం ఆనంద గజపతి సాయంతో ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్ చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో బందరు కోట పడిపోయింది. ఆ తర్వాత ఈ తీరమంతా ఇంగ్లీషు కంపెనీ చేతిలోకి జారింది. 1768లో ఆ కంపెనీ అధికారి ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ ఋషికుల్య ముఖం దగ్గర గంజాం కోట కట్టించాడు. అదే పోటగఢ్. ఆ కోట ఇవాళ ఒడిశాలో ఉంది. కానీ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ ఆ గంజాం జిల్లాలోవే. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. కాబట్టి పోటగఢ్ మన పాత జిల్లా కోట కూడా. 1815లో జ్వరాలు ప్రబలి దొరలు గంజాం పట్నాన్ని వదిలేశారు. మనుషులు వదిలేశాక సముద్రపు ఒడ్డు కోట ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, ఇచ్ఛాపురం దాటి వెళ్తే చాలు.

వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం, మహేంద్రతనయ కలిసే చోట బారువ 19వ శతాబ్దంలో మంచి రేవులు. ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసేది. కొబ్బరి పీచు తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో సరుకు అలల మీదుగా ఓడకు చేరేది. మేకు కొట్టిన పడవ అలల దెబ్బకు విరుగుతుంది, కుట్టిన పడవ ఒంగి నిలుస్తుంది. 1890ల్లో రైలు మార్గం వచ్చాక సరుకు స్టేషన్లకు మళ్ళింది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఈ రేవులు దాదాపు పడుకున్నాయి. ఊరికి అది నష్టమే. కానీ ఆ నష్టం వల్లే ఇక్కడి పాత గోడల్ని కూల్చి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేకపోయింది, అసలు సున్నం చాలాచోట్ల చెక్కుచెదరకుండా మిగిలింది. ఇప్పుడు బీచ్ అభివృద్ధి పేరుతో డబ్బు వస్తోంది. భయమంతా ఇక్కడే.

ఇక గోడ సంగతికి వద్దాం. పాత గోడ ఇటుకైనా, మన కొండల ఖోండలైట్ రాయైనా, కట్టింది మాత్రం సున్నంతో. ఇలాంటి గోడ తడి పీలుస్తుంది, వదులుతుంది. వానకు తడుస్తుంది, నేలలోని చెమ్మ పైకి ఎక్కుతుంది, ఎండకు, గాలికి అదంతా పూతలోంచి, సందుల్లోంచి ఆవిరైపోతుంది. సముద్రపు ఒడ్డున ఆ నీటిలో ఉప్పు ఉంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే కరుగుతుంది, తగ్గితే గడ్డకడుతుంది. మన తీరంలో ఏడాది పొడుగునా, ఒక్కోసారి ఒకే రోజులో తెల్లారిగట్ల కరగడం, మధ్యాహ్నం గడ్డకట్టడం జరుగుతాయి. గడ్డకట్టే ప్రతిసారీ స్ఫటికం చుట్టూ ఉన్నదాన్ని నెడుతుంది. సున్నపు పూత ఉంటే ఈ పని పూతలో జరుగుతుంది. పూత రాలుతుంది, మళ్ళీ పూస్తాం. అది బలి కావడానికే ఉన్న పొర.

దాని మీద సిమెంటు పూస్తే ఆవిరి బయటికి పోయే దారి మూసుకుంటుంది. ఉప్పు సిమెంటు వెనక, ఇటుక ముఖంలో గడ్డకడుతుంది. సిమెంటు పాత ఇటుకకన్నా గట్టిది కాబట్టి రాలేది ఇటుకే. బయటికి గోడ నున్నగా, రంగుతో కళకళలాడుతూనే ఉంటుంది. వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్ల మోత వస్తుంది. ఆ చోట ఉలితో పెచ్చు ఎత్తితే వెనకనుంచి ఎర్రటి ఇటుక పొడి చారెడు జారిపడుతుంది, అందులో తెల్లటి ఉప్పు నూగు మెరుస్తుంది, ఇటుక ముఖం వేలు దూరేంత లోపలికి పోయి ఉంటుంది. చెమ్మ కూడా ఆగదు. పక్కదారి లేక పైకి ఎక్కుతుంది. అరుగు మట్టంలో ఉన్న తడి మరక సిమెంటు పూశాక కిటికీ మట్టానికి చేరడానికి కారణం ఇదే. అప్పుడు గోడ బాగాలేదని, కూల్చడమే మేలని నివేదిక రాస్తారు. గోడ బాగానే ఉంది. పూసిందే దాన్ని తినేసింది.

ఇదే తప్పు నేలమీద కూడా జరుగుతోంది. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ దాని మట్టం పెరిగి పాత కట్టడం గుమ్మం కిందికి పోతుంది. ఆవరణలో గోడను ఆనించి పేవర్ టైల్స్ వేస్తారు. కింద చెమ్మకు ఊపిరాడే చోటు ఒక్కటీ మిగలక అదంతా గోడలోకే ఎక్కుతుంది. టైల్స్ వేయాల్సే వస్తే గోడకు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఆపి, ఆ మధ్య జాగాలో కంకర నింపండి. వాననీరు గోడవైపు కాకుండా బయటికి పారేలా వాలు ఇవ్వండి. ఈ ఒక్క పనితో సగం చెమ్మ తగ్గిన గోడలు ఉన్నాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని మరొకటి మాకు తెలియదు.

సున్నం పని మొదలుపెట్టే ముందు పాత సున్నం ఏ పాళ్ళలో ఉందో తెలుసుకోవాలి. వాన తగలని చోట, లోపలి పొరలోంచి 100 గ్రాముల ముక్క తీసి, ఆరబెట్టి, చేత్తో చిదిమి, పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నురగ ఆగేదాకా ఉంచండి. సున్నం కరిగిపోతుంది, ఇసుక మిగులుతుంది. వడకట్టి, కడిగి, ఆరబెట్టి తూయండి. 70 గ్రాములు మిగిలిందనుకోండి. కరిగిన 30 గ్రాములను 0.74తో గుణిస్తే (గోడలో గట్టిపడ్డ సున్నాన్ని తిరిగి తడిసున్నంగా లెక్కించే అంకె అది) 22. అంటే తడిసున్నం, ఇసుక తూకంలో రమారమి 1:3. ఒక్క జాగ్రత్త: తీరపు ఇసుకలో గుల్లల ముక్కలు ఉంటాయి, అవీ ఆమ్లంలో కరిగి సున్నం ఎక్కువున్నట్టు చూపిస్తాయి. అందుకే ఆమ్లంలో వేసే ముందే భూతద్దంతో చూడాలి. మిగిలిన ఇసుకలో ఎర్ర రవ్వలు కనిపిస్తే అది సుర్ఖీ, అంటే ఇటుక పొడి. పాత మేస్త్రీలు చెమ్మ తగిలే చోట అది కలిపారన్నమాట, మనమూ అక్కడ కలపాలి. ఈ పరీక్ష ఏ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులోనైనా ఒక్క పూటలో అయిపోతుంది.

సరుకు విషయం. భారతీయ ప్రమాణం ఐఎస్ 712 కట్టడపు సున్నాన్ని తరగతులుగా విడదీసింది. పూతకు, సందులు నింపడానికి సి తరగతి కొవ్వు సున్నం (గాలి తగిలి గట్టిపడే స్వచ్ఛమైన సున్నం), చెమ్మ తగిలే అడుగు వరుసలకు బి తరగతి సున్నం (తడిలోనూ కొంత గట్టిపడేది) అంచనాలో రాయండి. కేవలం సున్నం అని రాస్తే దుకాణంలో దొరికే పాత పొడి సంచులు వస్తాయి. గాలి తగిలి అది అప్పటికే సగం సుద్ద అయిపోయి ఉంటుంది, పట్టదు. కాల్చిన సున్నం రాళ్ళుగానే కొని, పనిచోటే నీళ్ళలో ఉడికించాలి. తొట్టెలో ముందు నీళ్ళు పోసి, అందులో సున్నం వేయాలి. సున్నం మీద నీళ్ళు పోయకూడదు, చిమ్మి కళ్ళలో పడుతుంది. సున్నానికి రెండున్నర నుంచి మూడింతల నీళ్ళు పట్టండి. కుతకుత ఉడికి చల్లారాక జల్లెడ పట్టి, నీళ్ళు పైన నిలిచేలా కనీసం నెలరోజులు గోతిలో ఉంచాలి. ఎన్నాళ్ళు ఉంటే అంత వెన్నలా అవుతుంది. ఉడకని పలుకు ఒక్కటి పూతలో ఉండిపోయినా తర్వాత చెమ్మకు ఉబ్బి పూతను పొక్కులు పొక్కులుగా లేపుతుంది. పనివాళ్ళకు కళ్ళద్దాలు, రబ్బరు చేతొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే ఆగకుండా పావుగంట మంచినీళ్ళతో కడిగి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కాల్చిన సున్నం బస్తాల్ని వాన కురిసే చోట, కట్టెల పక్కన పెట్టొద్దు, తడిస్తే పుట్టే వేడికి నిప్పు అంటుకుంటుంది.

ఇసుక సముద్రానిది వద్దే వద్దు. నది ముఖంలో తవ్విందీ వద్దు, ఆటుపోటు తగిలే దూరం దాటి, పైనుంచి తేవాలి. కడిగిన నీటిని టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరుతో చూస్తూ, అది మామూలు మంచినీటి అంకెకు దిగేదాకా కడగాలి. కలిపే నీళ్ళు కూడా లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు టీడీఎస్ ఉన్నవే వాడాలి. ఒడ్డున వేసిన బోరు నీళ్ళు వాడితే మన చేత్తో మనమే గోడలోకి ఉప్పు ఎక్కించినట్టు.

లెక్క చూడండి. 100 చదరపు మీటర్ల గోడకు 20 మిల్లీమీటర్ల మందం పూతంటే 2 ఘనమీటర్లు. పాత గోడ ఎగుడుదిగుడు, రాలిపోయేది కలుపుకుని రెండున్నర ఘనమీటర్లు అనుకోండి. సున్నపు ముద్ద 1, ఇసుక 3 పాళ్ళలో, ముద్ద ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోకి పోతుంది కాబట్టి ఇసుకే రెండున్నర ఘనమీటర్లు కావాలి, ముద్ద 0.83 ఘనమీటరు. ఆ ముద్దకు కాల్చిన సున్నం 400 నుంచి 450 కిలోలు పడుతుంది. ఇసుకలో మూడో వంతు తీసేసి దాని బదులు సుర్ఖీ వేస్తే చెమ్మచోట బాగా గట్టిపడుతుంది. సుర్ఖీ బాగా కాలిన, కానీ మాడిపోని ఇటుకది కావాలి. నల్లగా మాడిన ఇటుక పొడి సున్నంతో కలవదు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పాత మేస్త్రీలు వాడినవే, వాడొచ్చు. కానీ పనితీరును నిర్ణయించేది సున్నం నాణ్యత, గానుగలో నూరడం, పూశాక నిలిపే తడి. ఆ మూడూ సరిగా లేకుండా బెల్లం పోసి ప్రాచీన పద్ధతి అని బోర్డు పెడితే గోడ ఒప్పుకోదు.

కాంక్రీటు మిక్సర్‌లో సున్నం కలవదు, ఉండలు కడుతుంది. గానుగ కావాలి. ఎడ్ల గానుగలు పోయాయి, చక్రాల కింద నలిపే మోటారు గానుగలు దొరుకుతాయి. జిల్లాకు ఒకటి కొని, పని ఉన్న చోటికి ట్రాక్టరు మీద పంపే ఏర్పాటు చేస్తే కాంట్రాక్టర్లకు సాకు ఉండదు.

గోడ మీద పని ఇలా సాగాలి. సిమెంటు పెచ్చుల్ని చిన్న ఉలి, సుత్తితో తీయాలి. గ్రైండరు, బ్రేకరు పెడితే ఇటుక అంచులు పోతాయి. గట్టిగా అంటుకుని ఇటుకతో పాటు ఊడొచ్చే చోట సిమెంటును అలాగే వదిలేయడం మేలు. తర్వాత ఉప్పు తీయాలి. కాగితపు గుజ్జు, బంకమన్ను, మంచినీళ్ళు కలిపి రెండు సెంటీమీటర్ల మందాన గోడకు పట్టు వేసి, ఆరిపోనిచ్చి, ఊడదీసి పారేయాలి. ఉప్పు నీటితో పాటు పట్టులోకి వస్తుంది. రెండు మూడుసార్లు చేయాలి. తీసిన పట్టును మంచినీళ్ళలో కలిపి తేట మీద సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే ఎంత తెల్లబారుతుందో చూసి ఆపొచ్చు. ఊడదీసిన పట్టును గోడ కిందే పోయకండి, ఆ ఉప్పు మళ్ళీ పైకి ఎక్కుతుంది.

సందుల్ని వాటి వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 25 మిల్లీమీటర్లు, చేత్తో గీకి, బ్రష్షుతో దులిపి, తడిపి, సున్నం గట్టిగా కూరాలి. రాతి అంచుకన్నా ఒక వెంట్రుకవాసి లోపలే ఆపాలి, రాయి ముఖం మీదికి పూయకూడదు. పూత మూడు కోట్లలో, ఒక్కో కోటు 10 మిల్లీమీటర్లు మించకుండా వేయాలి. ఒకేసారి మందంగా వేస్తే పగుళ్ళు తప్పవు. తడి గోనె పరదాలు కట్టి కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఎండా గాలీ నేరుగా తగలకుండా చూడాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతుంది, అది నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు లోతుకే సాగుతుంది. తొందరపడితే పైన పెంకు, లోపల మెత్తన. పని తీసుకునే ముందు అంచున చిన్న పెచ్చు విరిచి ఫినాల్ఫ్తలీన్ చుక్క వేయండి. గులాబీ రంగు వచ్చినంత మేరా ఇంకా పచ్చిగా ఉన్నట్టు. ఈ ఒక్క సీసా ప్రతి అసిస్టెంట్ ఇంజినీరు సంచిలో ఉండాలి.

పైన ఎమల్షన్ బదులు వెల్ల. కాల్చిన సున్నం కిలోకు 5 లీటర్ల నీళ్ళు, ఘనమీటరు వెల్లపాలకు 4 కిలోల తుమ్మజిగురు వేడినీళ్ళలో కరిగించి కలపాలి. పల్చగా నాలుగైదు కోట్లు, ఒకటి ఆరాక మరొకటి. ఏటా సంక్రాంతికి ముందు ఒక కోటు వేసే ఏర్పాటు పంచాయతీకి అప్పగించి, దానికి ప్రతి బడ్జెట్‌లో చిన్న పద్దు పెట్టండి.

మిద్దెల గురించి కూడా చెప్పాలి. మద్రాసు టెర్రస్ అనే ఈ కప్పులో టేకు దూలాల మీద ఇటుకలు అంచున ఐమూలగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటును చెక్క దిమ్మెసలతో కొట్టి, దాని మీద పలక పెంకులు పరుస్తారు. కారితే పైన 10 సెంటీమీటర్ల సిమెంటు కాంక్రీటు పోసే అలవాటు ఉంది. అది చదరపు మీటరుకు 240 కిలోల అదనపు బరువు. అసలు జబ్బు ఎక్కువగా దూలం కొసల్లో ఉంటుంది, గోడలో దూరిన చోట గాలి తగలక కుళ్ళుతుంది. కుళ్ళిన కొస కోసి, పాత టేకుతోనే అతుకు వేసి, చుట్టూ అంగుళం ఖాళీ వదిలి మళ్ళీ కూర్చాలి. పైన పెంకుల సందులు సున్నంతో నింపి, నీళ్ళు పోయే గొట్టాలు శుభ్రం చేయాలి. చాలా కప్పులకు ఇంతే చాలు. ఇనప దూలాల మధ్య కమానులు తిప్పిన కప్పుల్లో అయితే తుప్పు శత్రువు. తుప్పు అసలు ఇనుముకన్నా చాలా చోటు ఆక్రమిస్తుంది, కమానును విడగొడుతుంది. అక్కడ మొదట తుప్పు గీకి జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు వేయాలి, పూత మాట తర్వాత.

రావి, మర్రి మొక్కల్ని ఉపాధి పనుల్లో లాగి పీకించకండి. వేరుతోపాటు రాయి వస్తుంది. అడుగు ఎత్తు వదిలి కోసి, కోత పచ్చిగా ఉండగానే కలుపుమందు పూసి, వేరు పూర్తిగా ఎండేదాకా ఆగాలి. ఆ తర్వాత రాళ్ళకు నంబర్లు వేసి విప్పి, వేరు తీసి, అవే రాళ్ళు అదే వరుసలో సున్నంతో పెట్టాలి. ఆమ్లం పోయడం మాత్రం ఘోరం. మొక్క చచ్చినా చావకపోయినా సున్నం ముందే కరిగిపోతుంది.

భీమిలిలోనూ ఇతర చోట్లా సమాధి రాళ్ళ మీద అక్షరాలకు నల్ల ఎనామిల్ పూయడం, ఉలితో తిరిగి చెక్కడం ఆపించండి. మెత్తటి నైలాన్ బ్రష్షు, మంచినీళ్ళు చాలు. అక్షరం కనబడకపోతే సాయంత్రం పక్కనుంచి టార్చి వెలుగు పెట్టి ఫొటో తీయండి, చెరిగిందనుకున్న పేరు లేస్తుంది.

ఎప్పుడు చేయాలన్నది ఎలా చేయాలన్నంత ముఖ్యం. మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అక్టోబరులో తుఫాన్లు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. ఏప్రిల్, మే ఎండలకు పూత తడి నిలవదు. కాబట్టి గోడమీద సున్నం చేయి పడాల్సింది నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. అంటే తొట్టెలు సెప్టెంబరులో రేకుల కప్పు కింద సిద్ధం కావాలి, టెండరు జూలైలో పిలవాలి. ఆర్థిక సంవత్సరం ముగుస్తోందని మార్చిలో పని మొదలుపెట్టి బిల్లు చేసుకోవడం ఈ కట్టడాలకు కుదరదు.

టెండరులో మూడు మాటలు చేర్చండి. పని మొత్తంలో సిమెంటు వాడకం నిషిద్ధం. మొదట ఒక చదరపు మీటరు నమూనా పూత వేసి, నెలరోజులు చూశాకే మిగతా పనికి అనుమతి. ఆఖరి బిల్లులో కొంత ఒక వానాకాలం గడిచాకే విడుదల. సున్నం పద్దులు మీ రేట్ల పట్టికలో సరిగా లేకపోతే రేటు విశ్లేషణ విడిగా చేయించండి. సిమెంటు పద్దు తేలిగ్గా దొరుకుతుందన్న కారణంతోనే అది అంచనాల్లోకి వస్తోందని మా గట్టి అభిప్రాయం. పాత తాపీ మేస్త్రీల్లో గానుగ సున్నం చేయి తెలిసినవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, వయసు మీద పడినవాళ్ళే. వాళ్ళను కూలీలుగా కాక శిక్షకులుగా పిలిచి, ఒక్కొక్కరి దగ్గర ఇద్దరు యువ మేస్త్రీలను పెట్టండి.

ఇవన్నీ జరగాలంటే ముందు ఎవరి ఆస్తో తేలాలి. లైట్‌హౌసులు కేంద్రానివి, శ్మశానాలు కొన్ని చర్చిలవి, రేవు కట్టడాలు కొన్ని రెవెన్యూ పోరంబోకులో, కొన్ని ఎవరి రికార్డులోనూ లేవు. తహసీల్దార్లు ప్రతి కట్టడానికీ సర్వే నంబరు, హద్దులు, యాజమాన్యం రాసి జాబితా తయారుచేయాలి. మన పాత జిల్లా కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, డచ్చివారివి హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒక చరిత్ర అధ్యాపకుణ్ణి కొన్ని వారాలు ఎగ్మూరు పంపితే పాత నక్షాలు బయటపడవచ్చు. అర్హమైన వాటిని రాష్ట్ర 1960 చట్టం కింద రక్షిత కట్టడాలుగా ప్రకటించండి. కేంద్ర రక్షణలో ఉన్న వాటికి చుట్టూ 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్ల నియంత్రిత ప్రాంతం 2010 సవరణతో చట్టంలోనే ఉన్నాయి. రాష్ట్ర జాబితాలోని వాటికీ చుట్టూ కొంత జాగా కాగితం మీద గీయకపోతే ఆ పక్కనే రిసార్టు లేస్తుంది. తవ్వకంలో నాణేలు, సీసపు ముద్రలు, మట్టి పైపులు ఏవి దొరికినా 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలన్న సంగతి కాంట్రాక్టు పత్రంలో తెలుగులో రాయించండి. మేస్త్రీకి తెలిస్తేనే అది అమలవుతుంది.

ఈ ఏడాదికి మా అభ్యర్థన చిన్నది. కళింగపట్నంలో, బారువలో ఒక్కొక్క కట్టడం ఎంచుకోండి. గోడ చుట్టూ కంకర వరుస వేయించండి. సెప్టెంబరులో సున్నం తొట్టె నింపించండి. నవంబరులో నమూనా చదరపు మీటరు మా కళ్ళ ముందు వేయించండి. నమూనా చూడ్డానికి, సరుకు పరీక్షించడానికి, మేస్త్రీలకు చేయి చూపించడానికి మేము ఏ ప్రతిఫలమూ లేకుండా వస్తాం. ఈ లోగా మంజూరై ఉన్న అంచనాల్లో సిమెంటు ప్లాస్టరింగు పద్దు ఎక్కడ ఉన్నా, పని మొదలుకాక ముందే నిలుపుదల ఉత్తర్వు ఇవ్వమని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత కట్టడాల పని తెలిసిన ఇంజినీర్లు, తాపీ మేస్త్రీలు, చరిత్ర అధ్యాపకులు